చేపల తొట్టెలో నీళ్లు మార్చే పద్ధతి

ఆదివారం పూట తొట్టె మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు తోమి కడిగి, కుళాయి నీళ్లు నిండా పట్టి చేపలను తిరిగి వదలడం మన ఇళ్లలో మామూలే. నీళ్లు అద్దంలా మెరుస్తాయి. మర్నాటికి ఒకటో రెండో చేపలు వెల్లకిలా తేలి ఉంటాయి. ఎనిమిదో తరగతిలో నత్రజని వలయం పాఠం చెప్పేటప్పుడు పిల్లలు దాదాపు ఏటా ఈ ప్రశ్న అడుగుతారు: "నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి కదా సార్, మరి ఎందుకు చచ్చిపోయాయి?"

చేపకు కావలసిన శుభ్రత మన కంటికి కనిపించేది కాదు. చేప విసర్జించేది, తినగా మిగిలి కుళ్లే మేత అమ్మోనియాగా మారతాయి. అది విషం. గులకరాళ్ల మీద, ఫిల్టరు స్పాంజిలో స్థిరపడిన బాక్టీరియా దాన్ని మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా ప్రమాదమే. నైట్రేటు మాత్రం బాగా పేరుకుంటే తప్ప అంత హాని చేయదు. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్లు, స్పాంజి కుళాయి కింద తోమితే అదంతా ఒక్క పూటలో పోతుంది.

కుళాయి నీటితో మరో చిక్కు ఉంది. మన తాగునీటిలో రోగక్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరినే చేప మొప్పల పలుచని పొరను కాలుస్తుంది. అందుకే ముందురోజే వెడల్పాటి బకెట్లలో నీళ్లు పట్టి, మూత పెట్టకుండా ఒక రోజంతా ఉంచాలి. తొందరగా కావాలంటే అక్వేరియం షాపుల్లో హైపో అనే తెల్లటి పలుకులు, లేదా క్లోరిన్ విరిచే మందు సీసా దొరుకుతాయి. దాని మీద చెప్పిన కొలత దాటకూడదు. మన గాజువాక ఎండల్లో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి. బకెట్లో పట్టి నీడన ఉంచితే క్లోరిన్‌తోపాటు ఆ వేడీ పోతుంది. కొత్త నీటికీ తొట్టె నీటికీ ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

ఎంత మార్చాలి? వారానికి నాలుగో వంతు చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె సెంటీమీటర్లలో సుమారు 60 × 30 × 30. అంటే 54 లీటర్లు. అందులో నాలుగో వంతు పదమూడున్నర లీటర్లు, మామూలు బకెట్టు ఒకటికి కాస్త తక్కువో ఎక్కువో. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి.

ముందు మోటారు, హీటరు ప్లగ్గులు తీసేయాలి. తడి చేతులతో కరెంటు దగ్గర పిల్లలను ఉంచకండి. గొట్టం నిండా నీళ్లు నింపి, రెండు కొసలూ వేళ్లతో మూసి, ఒక కొస తొట్టెలో, మరొకటి కింద బకెట్లో పెట్టి వదిలితే నీళ్లు వాటంతటవే దిగుతాయి. నోటితో పీల్చడం వద్దు. రాళ్ల మధ్య మడ్డి ఉన్నచోట కొస తిప్పితే సరిపోతుంది. చేపలను బయటికి తీయనక్కరలేదు. వలతో తరిమి పట్టడం వల్ల వాటికి కలిగే బెదురే ఎక్కువ. స్పాంజి మురికిగా ఉంటే, ఆ బకెట్లోకి తీసిన పాత నీటిలోనే రెండుసార్లు పిండాలి. సబ్బు మాట తలవవద్దు. కొత్త నీళ్లు చెంబుతో మెల్లగా, రాళ్లు చెదరకుండా పోయాలి.

నెలల తరబడి మార్చని తొట్టెకు మరింత జాగ్రత్త కావాలి. అలాంటి నీరు క్రమంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ స్థితిలో అమ్మోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. అందులో ఒక్కసారిగా క్షారగుణం ఉన్న బోరు నీళ్లు పోస్తే, ఆ అమ్మోనియం విషరూపానికి మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషభాగం సుమారు పది రెట్లవుతుంది. "ఇన్నాళ్లూ బతికిన చేపలు నీళ్లు మార్చగానే పోయాయి" అనేవారి అనుభవం వెనుక తరచూ ఉండేది ఇదే. అలాంటి తొట్టెలో మొదట పదో వంతు మాత్రమే మార్చి, రెండు రోజులకోసారి అలాగే కొనసాగిస్తూ, రెండు మూడు వారాల్లో మామూలు కొలతకు రావాలి.

మార్చిన తర్వాత గంటసేపు గమనించండి. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తున్నా, మొప్పలు వేగంగా ఆడుతున్నా క్లోరిన్ మిగిలిందేమో అనుమానించాలి. వెంటనే తగిన కొలతలో హైపో వేసి, గాలి మోటారు నడపండి. ఆ పూట మేత వేయకండి. తీసిన పాత నీళ్లలో ఉప్పూ మందులూ కలపకపోతే మొక్కలకు పోయండి. నైట్రేటు వాటికి ఎరువే.