పిడుదు పేరు చెప్పగలిగేవారు కావాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో జువాలజీ, మైక్రోబయాలజీ, పశువైద్యం చదువుతున్నవారు గట్టిగా పట్టించుకోవాల్సిన నైపుణ్యం ఒకటుంది. మనిషిని కరిచిన పిడుదు ఏ జాతిదో తేల్చి చెప్పడం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దాని మీద చాలా ఆధారపడి ఉంది. కుక్కల మీద పెరిగే రిపిసెఫాలస్ శాంగ్వినియస్ వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్ బ్యాక్టీరియా జబ్బు, డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది. హీమాఫైసాలిస్ స్పినిగెరా మోసుకొచ్చే క్యాసనూర్ అటవీ జ్వరం వైరస్ జబ్బు, దాని మీద ఆ మందు పనిచేయదు. 1957లో శివమొగ్గ అడవుల్లో కోతులు చచ్చిపడుతుంటే ఈ జ్వరం బయటపడింది. చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కల జిల్లాలకే పరిమితమనుకున్నారు. 2012, 2013 సంవత్సరాల్లో బందీపూర్, నీలగిరి, వయనాడ్ వైపు కూడా కనిపించింది. హయలోమా పిడుదులు వ్యాప్తి చేసే క్రిమియన్-కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడినప్పుడు రోగికి చికిత్స చేసిన సిబ్బంది కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంటే పురుగు పేరు తెలిస్తే ఏ జబ్బును అనుమానించాలో, వార్డులో ఎంత జాగ్రత్త పడాలో ముందే ఆలోచించుకోవచ్చు. పిడుదు కుట్టినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. రోగ నిర్ధారణ రక్తపరీక్షతోనే.

మన ప్రాంతంలో బాగా వినబడే పేరు స్క్రబ్ టైఫస్. దాన్ని పిడుదు జబ్బు అనేవారున్నారు, అది పొరపాటు. దాన్ని అంటించేది చిగ్గర్ అనే మైట్ పిల్ల, కంటికి ఆనీ ఆననంత చిన్నది. తిన్నాక రాలిపోతుంది, కొందరిలో చర్మం మీద నల్లటి పుండుమచ్చ మాత్రం మిగులుతుంది. రోగి సీసాలో తెచ్చిన పురుగు పిడుదా, మైటా, నల్లా అని విడదీయడమే ఈ పనిలో మొదటి మెట్టు. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద అసలు చదువు మొదలవుతుంది. ఆరు కాళ్లుంటే లార్వా, ఎనిమిదుంటే నింఫ్ లేదా పెద్దది. నోటి అడుగు భాగం ఆరుపలకలుగా ఉంటే రిపిసెఫాలస్ వైపు చూడాలి. పొడవాటి నోరు, పట్టీల కాళ్లు హయలోమా గుర్తులు. కళ్లు లేకుండా పొట్టి పాల్ప్స్ పక్కలకు పొడుచుకొస్తే హీమాఫైసాలిస్ కావచ్చు. రక్తం తాగి ఉబ్బిన ఆడదాన్నీ, నోరు చర్మంలోనే తెగిపోయిన దాన్నీ పోల్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టం.

ఈ విద్య తెలిసినవారు ఎక్కువగా పశువైద్యంలోనే ఉన్నారు. పాడి మీద బతికే ప్రాంతం కాబట్టి, పశువుల రక్తంలో చేరే థైలేరియా, బబీసియా పరాన్నజీవుల కోసం పిడుదులను వాళ్లు చూడక తప్పదు. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నాటిది. రోగులు మాత్రం రుయా ఆసుపత్రిలోనో, స్విమ్స్ ఆసుపత్రిలోనో ఉంటారు. ఊరు ఒకటే అయినా రెండు వైపులా తెలిసి మధ్యలో నిలబడే మనిషి అరుదు. నా దృష్టిలో ఆ ఖాళీయే మీకు అవకాశం.

“అలాంటి పోస్టు ఎక్కడుంది?” అని అడుగుతారు. నిజమే, పిడుదుల నిపుణుడు కావలెను అనే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం వృథా. జాతీయ కీటకజనిత వ్యాధుల కార్యక్రమం చూసే మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, బోదకాలు, మెదడువాపు, కాలా-అజార్ జబ్బుల్లో పిడుదు తెచ్చేది ఒక్కటీ లేదు. అయినా కీటక శాస్త్రవేత్తల పోస్టులు, ఐసీఎంఆర్ ప్రాజెక్టులు, పుణె వైరాలజీ సంస్థ, జువలాజికల్ సర్వే, మెడికల్ కాలేజీ ప్రయోగశాలలు ఉన్నాయి. దోమలతో పాటు పిడుదులూ తెలిసినవారికి వీటిలో బలం ఎక్కువ. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ నేర్పుతుంది. పశువైద్యులకు ఎంవీఎస్సీ పారాసైటాలజీ దారి. మొత్తం జీవితాన్ని ఈ ఒక్క నైపుణ్యం మీదే పెట్టమని మాత్రం చెప్పను, ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు తాత్కాలికం.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక కళ్లతో పోల్చడం ఎందుకనేది ఇంకో అభ్యంతరం. సీఓఐ, 16ఎస్ జన్యువుల క్రమాన్ని చూసి జాతిని చెప్పవచ్చు, నోరు తెగిన పురుగుకు అదే ఆధారం. కానీ ఆ క్రమాన్ని పోల్చడానికి డేటాబేస్‌లో సరైన పేరుతో నమూనా ముందే ఉండాలి. ఆ పేరు పెట్టింది రూపం చూసి గుర్తించిన మనిషే. రెండూ నేర్చుకోండి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చిత్తూరు, పలమనేరు వైపు పశువుల పిడుదులను తీసుకుంటే ఖర్చు తక్కువ. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. నూనె పోయడం, నిప్పు ఆనించడం వద్దు. డెబ్బై శాతం ఆల్కహాల్‌లో వేసి, ఏ ఊరు, ఏ జంతువు, ఏ తేదీ అన్నది పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే పెట్టండి. చీటీ లేని పిడుదు ఎవరికీ పనికిరాదు.