జాగా ఎవరి పేరు మీద?

ప్రశ్న: మేం బొంబాయి వర్లిలోని బీడీడీ చాల్‌లో ఉంటాం. సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లు, మా వాళ్లే ముప్పై ఇళ్లవాళ్లు, తలా కొంత వేసుకుని జాగా కొని ఇళ్లు కట్టుకుందామంటున్నారు. మమ్మల్నీ కలవమంటున్నారు. ప్రస్తుతానికి జాగా ఒక పెద్దమనిషి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తారట. డబ్బు పంపొచ్చా?
- ఒక సోదరి, వర్లి

జవాబు: ఇప్పుడే పంపకండమ్మా. ఆలోచన మాత్రం చాలా మంచిది. వీలైతే ఒకసారి షోలాపూర్ వెళ్లి చూసి రండి. అక్కడ బీడీ కార్మికుల్లో మన పద్మశాలి ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం ముందుండి నడిపించగా, వాళ్లు గోదూతాయి పరుళేకర్ పేరిట సహకార గృహనిర్మాణ సంఘం పెట్టుకున్నారు. కుంభారి గ్రామం దగ్గర 10,000 ఇళ్లు కట్టించుకున్నారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఇంటి ఖర్చులో ఒక వంతు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది, ఒక వంతు కార్మికురాలిది. ఆ తర్వాత అదే ఊరి పక్కన రే నగర్ పేరుతో 30,000 ఇళ్లు తలపెట్టి, 2024 జనవరిలో 15,000 ఇళ్ల తాళాలు అందుకున్నారు. ఏళ్ల తరబడి కొట్లాడితేనే వచ్చాయవి. అయినా రిజిస్టరైన సంఘం లేకపోతే సర్కారు ఆ సొమ్ము ఎవరి చేతిలో పెట్టేది?

మీ పెద్దమనిషి నిజాయితీపరుడే కావచ్చు. రేపు ఆయన కాలం చేస్తే కాగితాల ప్రకారం ఆ జాగా ఆయన వారసులది. ముప్పై ఇళ్లవాళ్లూ కోర్టుకెక్కాలి. అందుకే ముందు జిల్లా సహకార అధికారిని కలిసి సంఘం రిజిస్టరు చేయించమనండి. బ్యాంకు ఖాతా, జాగా రెండూ సంఘం పేరు మీదే ఉండాలి. కొనేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాలి, సాగుభూమి అయితే ఇళ్ల స్థలంగా మార్పించాలి. బొంబాయిలో ఉంటున్న మీకు సభ్యత్వం చెల్లుతుందో లేదో బైలాల్లో చూసుకోండి. అప్పుడు చెక్కు రాయండి, రశీదు తీసుకోండి.

ప్రశ్న: చాల్ పోయి కొత్త టవర్లో నాన్నకు 500 చదరపు అడుగుల ఇల్లు వచ్చింది. సొసైటీలో నామినీగా తమ్ముడి పేరు రాశారు. ఆడపిల్లగా నా హక్కు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. నాన్నగారి తర్వాత, అసలు వారసులు తేలేదాకా సొసైటీ నామినీని తాత్కాలిక సభ్యుడిగా చేర్చుకుంటుంది, అంతవరకే. ఆస్తి ఎవరిదన్నది వారసత్వ చట్టమో వీలునామానో తేలుస్తుంది. వారసులు తమ హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2016లో ఇంద్రాణి వాహి కేసులో చెప్పింది. తమ్ముడితో తగవు పెట్టుకోకండి. నాన్నగారు ఉండగానే ఇద్దరూ కూర్చుని ఆయన మనసులో ఉన్నది వీలునామాగా రాయించండి.