అవ్వ కాచిన శొంఠి కషాయం, ప్రోస్టాగ్లాండిన్ల కథ

ప్రతి నెలా మనలో ఎవరో ఒకరు తరగతికి రారు. ‘జ్వరం’ అని లీవు లెటరు రాస్తారు. అది జ్వరం కాదని అందరికీ తెలుసు. ఇంట్లో అవ్వ శొంఠి, మిరియాలు దంచి, బెల్లం వేసి కషాయం కాచి ఇస్తుంది. ‘ఓర్చుకోవే, ఆడపుట్టుక’ అంటుంది. కషాయం సరే, ఆ ఓర్చుకోమనే మాటే నాకు నచ్చదు. ఆ నొప్పికి కారణం ఉంది, కారణానికి పేరూ ఉంది.

ఆ పేరు ప్రోస్టాగ్లాండిన్. 1930లలో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ దీన్ని వీర్యంలో చూసి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తోందనుకొని ఆ పేరు పెట్టినాడు. నిజానికి అది ఒంట్లో దాదాపు అన్ని కణజాలాల్లోనూ తయారవుతుంది. మగవాళ్ళ గ్రంథి పేరు మన నొప్పికి అట్లా అంటుకొంది!

కణం పొరలోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం ఊడి వస్తుంది. కాక్స్ అనే ఎంజైము దాన్ని ప్రోస్టాగ్లాండిన్‌గా మార్చే దారి పట్టిస్తుంది. ముట్టుకు ముందు ప్రొజెస్టెరాన్ హార్మోను పడిపోగానే గర్భసంచి లోపొరలో ఈ తయారీ పెరుగుతుంది. కండరం బిగుసుకుంటుంది, రక్తం సరిగా ఆడదు, నొప్పి పుడుతుంది. కొందరికి వాంతులు, విరేచనాలు అయ్యేదీ ఇందువల్లే.

నరాలకూ ఇందులో పాలుంది. నరాల కొసల నుంచి వెలువడే నారడ్రినలిన్ కొన్ని కణజాలాల్లో ఈ తయారీని ఎగదోస్తుంది. తయారైన ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తిరిగి నరం కొసకే పోయి ‘ఇంక చాలు’ అన్నట్టు నారడ్రినలిన్‌ను తగ్గిస్తుంది. నారడ్రినలిన్ సంగతి తేల్చిందీ ఆ ఆయిలరే. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది ఆ పనికే.

ఆస్పిరిన్ కాక్స్ పనిని ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించినాడు. మెఫెనమిక్ ఆసిడ్ మాత్రదీ అదే దారి. అయితే కడుపు లోపొరను కాపాడేది కూడా ప్రోస్టాగ్లాండినే, అందుకే పరగడుపున మాత్ర మింగకూడదు.

మరి కషాయం? శొంఠిలోని జింజెరాల్, షోగాల్, పసుపులోని కర్క్యుమిన్ ఫీనాలు జాతి పదార్థాలు. మన కృష్ణగిరి మామిడి తొక్కలోని మాంజిఫెరిన్‌దీ అదే కుటుంబం. ప్రయోగశాలలో శొంఠి, పసుపు పదార్థాలు ఈ తయారీని తగ్గిస్తాయి. ఇరాన్‌లో 150 మంది హాస్టలు విద్యార్థినులపై చేసి 2009లో ప్రకటించిన పరిశోధనలో, మూడు రోజులు శొంఠి పొడి తీసుకున్నవాళ్ళకు మాత్రలు వేసుకున్నవాళ్ళంతగానే నొప్పి తగ్గింది. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు గానీ, అవ్వ మాటను కొట్టిపారేయనూ లేం.

పసుపు సంగతి వేరు. కర్క్యుమిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు. మన హోసూరు పక్కనే, బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్ళు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపి చూస్తే, అది 20 రెట్లు ఎక్కువగా ఒంటికి అందింది. పైపెరిన్ అంటే మిరియాల్లోని ఘాటే.

మాత్రకూ లొంగని నొప్పి, నెలనెలా ముదిరే నొప్పి అయితే ఎండోమెట్రియోసిస్ వంటిది ఉండొచ్చు. అప్పుడు కషాయంతో కాలం గడపకుండా డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. ఆమెకు మాత్రం జ్వరమని చెప్పకండి.