షెడ్యూలింగ్ జాప్యం – హార్డ్‌వేర్ టైమర్లు
పోటీ పరీక్షల ప్రత్యేకం: కంప్యూటర్ పరిజ్ఞానం

ఒక ప్రాసెస్ నడవడానికి సిద్ధమైన క్షణానికి, దానికి ప్రాసెసర్ దక్కిన క్షణానికి మధ్య వ్యవధే షెడ్యూలింగ్ జాప్యం. ఇది తరచూ మైక్రోసెకన్లలో ఉంటుంది. అందుకే హార్డ్‌వేర్ టైమర్లతో కొలుస్తారు.

ముఖ్యమైన టైమర్లు
• ఇంటెల్ 8254: పాత పీసీల్లోని టైమర్ చిప్. పౌనఃపున్యం సుమారు 1.193 మెగాహెర్ట్జ్.
• హెచ్‌పీఈటీ: ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించాయి. పౌనఃపున్యం కనీసం 10 మెగాహెర్ట్జ్.
• టైమ్ స్టాంప్ కౌంటర్ (టీఎస్‌సీ): 1993లో పెంటియమ్‌తో వచ్చిన 64 బిట్ల కౌంటర్. దీన్ని ఆర్‌డీటీఎస్‌సీ ఆదేశంతో చదువుతారు.

కొలిచే విధానం
ఫలానా సమయానికి తనను మేల్కొలపమని ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరుతుంది. మేల్కొన్న వెంటనే టైమర్ చదువుతుంది. అనుకున్న సమయానికి, అసలు సమయానికి తేడాయే జాప్యం. లినక్స్‌లో ‘సైక్లిక్‌టెస్ట్’ చేసే పని ఇదే. రియల్‌టైమ్ వ్యవస్థల్లో సగటు కంటే గరిష్ఠ జాప్యమే కీలకం.

గుర్తుంచుకోండి
• పాత ప్రాసెసర్లలో క్లాక్ వేగం మారితే టీఎస్‌సీ వేగమూ మారేది. ‘ఇన్‌వేరియంట్ టీఎస్‌సీ’ స్థిర వేగంతో నడుస్తుంది.
• జాప్యాన్ని అదుపులో ఉంచే ‘ప్రీఎంప్ట్ ఆర్‌టీ’ 2024లో లినక్స్ 6.12 ప్రధాన కెర్నల్‌లో చేరింది.

మాదిరి ప్రశ్న
2.5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కౌంటర్‌లో రెండు రీడింగుల తేడా 10,000. జాప్యం ఎంత?
1) 2.5 మైక్రోసెకన్లు 2) 4 మైక్రోసెకన్లు 3) 25 మైక్రోసెకన్లు 4) 40 మైక్రోసెకన్లు
జవాబు: 2
వివరణ: ఈ కౌంటర్ మైక్రోసెకనుకు 2,500 చొప్పున పెరుగుతుంది. 10,000 ÷ 2,500 = 4.