కోడలి మెయిల్ నీకెందుకురా చిన్నా

విజయవాడ

చిన్నా,

మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. వద్దంటే వినకుండా డాబా ఎక్కి మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. పెదనాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు మళ్లీ తనే చదువుకుంటున్నారు. నువ్వు వేళకి తింటున్నావా? ఫోన్‌లో నీ గొంతు నాకేం నచ్చలేదు.

ఆ రోజు నువ్వు చెప్పినదంతా విన్నాను గానీ ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడితే అరిచేదాన్ని, నువ్వు ఫోన్ పెట్టేసేవాడివి. అందుకే కాగితం మీద రాస్తున్నా. చదువుతుంటే కోపమొస్తే మడిచి పక్కన పెట్టి మర్నాడు చదువు. మీ అమ్మకి ఏమీ చెప్పలేదు, చెప్పను కూడా.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇదీ. ఎప్పుడో టికెట్ ప్రింటు తియ్యమని కోడలే నీకు తన మెయిల్ పాస్‌వర్డ్ చెప్పింది. నీకు పుణే బదిలీ అయ్యాక తను హైదరాబాద్‌లో ఒక్కతే ఉంటోంది. ఫోన్ ఎత్తడం ఆలస్యమవుతోంది. ఆఫీసులో ఒకబ్బాయి పేరు మాటల్లో రెండుమూడుసార్లు దొర్లింది. నీకు నిద్ర పట్టలేదు. ఒక రాత్రి ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లావు. తర్వాత, తనకి వచ్చే ప్రతి మెయిలూ నీకో కాపీ వచ్చేలా ఫార్వర్డింగ్ పెట్టుకున్నావు. ఆ అబ్బాయి టీమ్ మారి వెళ్తూ రాసిన నాలుగు ముక్కలు తప్ప నీకేం దొరకలేదు. ఇప్పుడేమో రెండు నెలలుగా అసలు మెయిల్సే రావడం లేదని, వేరే ఐడీ పెట్టుకుని ఉంటుందని అంటున్నావు.

తప్పురా. చాలా తప్పు చేశావు.

నువ్వు చెడ్డవాడివని అనడం లేదు నాన్నా. నా చేతుల్లో పెరిగినవాడివి, నాకు తెలియదా? చిన్నప్పుడు మీ అమ్మ బజారు నుంచి రావడం ఆలస్యమైతే గేటు పట్టుకుని నిలబడేవాడివి, ఎంత పిలిచినా అన్నానికి వచ్చేవాడివి కాదు. మనవాళ్లు కళ్లముందు లేకపోతే నీకు అప్పుడూ భయమే. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని ఆ పిల్లతో చెప్పుకోకుండా దొంగచాటుగా తన మెయిల్లో వెతుక్కున్నావే, అదీ నా బాధ.

ఒక్క సంగతి ఆలోచించావా? నా దగ్గర పనిచేసే జూనియర్ని అడిగి తెలుసుకున్నాను. ఫార్వర్డింగ్ పెట్టిన మొదటి రోజుల్లో జీమెయిల్ ఆ విషయాన్ని ఇన్‌బాక్స్ పైనే చూపిస్తుందట. సెట్టింగ్స్‌లోకి వెళ్తే కాపీలు ఏ అడ్రసుకి పోతున్నాయో కూడా ఉంటుంది. అంటే నీ అడ్రసే. కంప్యూటర్లో తెరిచి ఇన్‌బాక్స్ అడుగున ‘డీటెయిల్స్’ అన్నచోట నొక్కితే ఆ ఖాతాని ఈమధ్య ఎప్పుడెప్పుడు, ఎక్కడి నుంచి తెరిచారో కనిపిస్తుంది. కోడలు ఇవన్నీ తెలిసిన పిల్ల. నీకు కాపీలు రావడం ఆగిపోయాయంటే వేరే ఐడీ దాకా ఎందుకురా, ఆ ఫార్వర్డింగ్‌ని తను చూసి తీసేసి ఉండొచ్చు కదా! చూసింది, నీ అడ్రసు చదివింది, అయినా నిన్ను ఒక్క మాట అడగలేదు. రోజూ ఫోన్‌లో ‘తిన్నావా’ అని మాత్రం అడుగుతోంది. ఇదే నిజమైతే ఈ రెండు నెలలు ఆ పిల్ల ఎంత నలిగి ఉంటుందో! ఈ సంగతి తెలిసిన రాత్రంతా నాకు ఇదే ఆలోచన.

మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు ముభావంగా ఉందన్నావు, ఫోన్ బోర్లా పెట్టిందన్నావు. ఎవరో తనని కనిపెట్టి ఉన్నారని తెలిస్తే ఎవరైనా అలాగే ఉంటారు. కన్నతల్లికి రాసే మాట కూడా ఆచితూచి రాస్తారు. నువ్వు చూస్తున్నావని తను దాచుకుంటోంది, తను దాచుకుంటోందని నువ్వు ఇంకా చూస్తున్నావు. దీనికి అంతెక్కడ చిన్నా? తను ఏ తప్పూ చెయ్యకపోయినా ఇది ఆగదు. తప్పు చెయ్యలేదని చెప్పే మెయిల్ ఎక్కడా ఉండదు. ఏమీ రాని ఇన్‌బాక్స్ చూసి కూడా నీకు అనుమానమే పుట్టింది.

ఇన్నేళ్లుగా ఫ్యామిలీ కోర్టులో ఇలాంటి కాగితాల కట్టలు ఎన్ని చూశానో. మగవాళ్లూ తెస్తారు, ఆడవాళ్లూ తెస్తారు. మెయిల్స్, చాట్లు ప్రింటు తీయించి, ముఖ్యమనుకున్న వరసల మీద పసుపురంగు పూసి, ‘ఇది చదవండి మేడమ్’ అని వేలుపెట్టి చూపిస్తారు. చదివితే అందులో ‘మీరు లేకపోతే ఈ ప్రాజెక్టు అయ్యేది కాదు’ అని ఉంటుంది. కాగితం మీది మాటకి గొంతు ఉండదు నాన్నా, చదివేవాడి గొంతే దానికి వస్తుంది. ఆ అబ్బాయి రాసిన నాలుగు ముక్కలూ నువ్వు నాకు చదివి వినిపించావు చూడు, అచ్చం అలాగే ఉంది.

కొన్నిసార్లు అనుమానం నిజమే అవుతుంది. కాదనను. అలాంటి కట్టలూ నా బల్ల మీదికి వచ్చాయి. అప్పుడు కూడా ఆ ఇంట్లో మొదటి గొడవ ‘నువ్వెందుకిలా చేశావు’ అన్నదాని మీద జరగదు. ‘నా మెయిల్ నువ్వెలా చూశావు’ అన్నదాని మీదే జరుగుతుంది. అడగాల్సిన మాట పక్కకి పోతుంది, అడిగే హక్కు కూడా దాంతోపాటే పోతుంది.

‘రేపు ఏదైనా అయితే సాక్ష్యం ఉండాలి కదా పెద్దమ్మా’ అన్నావు. నీ నోటివెంట ఆ మాట వినాల్సి వస్తుందనుకోలేదు. సరే, సాక్ష్యం గురించే అడిగావు కాబట్టి లాయరుగా చెప్తాను, విను. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే ఒక కేసు వచ్చింది. అమెరికాలో ఉండగా భార్య ఫోన్ మాటల్ని ఆమెకి తెలియకుండా రికార్డు చేసిన భర్త, వాటిని విడాకుల కేసులో పెట్టబోయాడు. భర్త చేసినా అది ఆమె గోప్యతకి భంగమే, సాక్ష్యంగా చెల్లదు అని కోర్టు తోసేసింది. 2008 లా రిపోర్టుల్లో ఉంది ఆ తీర్పు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ తర్వాత 2025 జూలైలో, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసుకున్న మాటల్ని వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. నువ్వు వాట్సాప్‌లో చూశానన్నది దాని గురించే. కానీ అక్కడి ప్రశ్న సాక్ష్యంగా తీసుకోవచ్చా లేదా అన్నది. పెళ్లాం మెయిల్లోకి దూరడానికి అది అనుమతి పత్రం కాదురా. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే విరిగిందనడానికి అదే గుర్తని ఆ తీర్పులోనే రాశారు. ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇంకో సంగతి నీకు తెలిసి ఉండదు. నిర్భయ ఘటన తర్వాత 2013లో చట్టం మార్చినప్పుడు, ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడాన్ని కూడా స్టాకింగ్ నేరంలో చేర్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు. భర్త అయితే ఫరవాలేదన్న మాట అందులో ఎక్కడా లేదు. అనుమతి లేకుండా ఇంకొకరి ఖాతాలోకి వెళ్లడానికి ఐటీ చట్టం ఎటూ ఉంది. నిన్ను బెదిరించాలని రాయడం లేదు నాన్నా. కోడలే క్లయింటుగా నా దగ్గరికి వచ్చి ఉంటే ఏం చెప్పేదాన్నో అదే నీకూ చెప్తున్నాను. నీ చెయ్యి పడని ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకోమనేదాన్ని. రికవరీ నంబరు ఎవరిదో చూసుకోమనేదాన్ని. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’, మ్యాప్స్‌లో లొకేషన్ ఎవరికి వెళ్తోందో చూడమనేదాన్ని. భయంగా ఉంటే 181కి గానీ, సైబర్ క్రైమ్ వాళ్ల 1930కి గానీ ఫోన్ చెయ్యమనేదాన్ని. నేను ఆమె పక్కనే నిలబడేదాన్ని చిన్నా, నీ పక్కన కాదు.

నీ స్నేహితుడెవరో తన ఫోన్లో కనిపించకుండా ఏదో యాప్ వెయ్యమన్నాడన్నావు. నీకు దణ్ణం పెడతాను, ఆ పని మాత్రం చెయ్యకు. తన మెసేజీలు, ఫోటోలు, తిరిగే చోట్లు అన్నీ ముక్కూమొహం తెలియని ఏ కంపెనీ సర్వర్లోనో పడి ఉంటాయి. అలాంటి కంపెనీల డేటా బయటికి పొక్కడం ఒకసారి రెండుసార్లు జరిగింది కాదు. ఆ స్నేహితుడికి కూడా కాస్త దూరంగా ఉండు.

మీ తాతయ్య గుర్తున్నారా నీకు? కోపిష్టి మనిషి. పప్పులో ఉప్పు తక్కువైనా కంచం నెట్టేసేవారు. అమ్మకి ట్రైనింగులో కలిసి చదువుకున్న స్నేహితురాలి దగ్గర్నుంచి ఇన్‌లాండ్ కవర్లు వచ్చేవి. పోస్ట్‌మన్ తెచ్చి నాన్న చేతికే ఇచ్చేవాడు. ఆయన పంపినవారి పేరు చూసి, వంటింటి గడప దగ్గరికి వెళ్లి, ‘నీకు ఉత్తరం’ అని ఇచ్చి వచ్చేసేవారు. మా నాయనమ్మ ఊరుకునేది కాదు. ‘ఇంటి కోడలికి వచ్చే ఉత్తరంలో ఏముందో ఇంటి మగాడికి తెలియక్కర్లేదా’ అని సాధించేది. ‘ఆవిడ పేరు మీద వచ్చిందమ్మా’ అనేవారాయన. అంతకుమించి ఒక్క మాట అనేవారు కాదు. ఒకసారి ఉత్తరం చదివి అమ్మ పెరట్లో కూర్చుని ఏడ్చింది. నాన్న చూశారు. ‘ఏమైంది’ అని అడిగారు. ఏమీ లేదంది. కొన్నాళ్లు పోయాక ఒక రాత్రి తనంతట తనే చెప్పింది. అదేమిటో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ మధ్య రోజుల్లో నాన్న మనసు ఎంత కొట్టుకుని ఉంటుందో నాకు ఈ వయసులో తెలుస్తోంది. ఆ ఉత్తరం అద్దం వెనకే ఉండేది, చెయ్యి చాస్తే అందేది.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. చేసింది చేసినట్టు కోడలికి చెప్పు. ఫార్వర్డింగ్ ఇంకా ఉంటే ముందుగా దాన్ని తీసేసి, జాడలు చెరిపేసి, ఆనక మంచివాడిలా మాట్లాడటం మొదలుపెట్టకు, అది ఇంకో మోసం. ఎప్పుడు మొదలుపెట్టావో, ఏమేం చదివావో చెప్పు. ‘నువ్వు ఫోన్ ఎత్తకపోబట్టే’ అని మాత్రం అనకు. ఆ అబ్బాయి గురించి అదే పూట అడగకు. ఆ పూట తనది. తిడుతుంది, ఏడుస్తుంది, పుట్టింటికి వెళ్తానంటుందేమో. వెళ్లనీ. నన్ను అడిగితే నేనే దింపి వస్తాను. ‘కావాలంటే నా పాస్‌వర్డ్ కూడా నువ్వు తీసుకో’ అని బేరం పెట్టకు, దాంతో చెల్లైపోయే బాకీ కాదిది.

తర్వాత ఎప్పుడో, తను వినగలిగినప్పుడు, నీ భయం చెప్పు. ‘నువ్వు దూరంగా ఉంటే నాకు భయమేస్తోంది’ అను. మగాడు ఆ మాట అంటే చిన్నతనమని ఎవరు నేర్పారో గానీ, ఆ మాట అనలేకే ఎంతమంది కాగితాల కట్టలు పట్టుకుని మా కోర్టు మెట్లెక్కుతున్నారో. ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తామంటే నమ్మకమైన మనిషిని చూపిస్తాను. పుణే ఉద్యోగం ఎన్నాళ్లో కూడా తేల్చుకో, సగం జబ్బు ఆ దూరంలోనే ఉందని నాకనిపిస్తోంది. ఒకవేళ తను నిజంగానే నీతో ఉండలేనంటే, అదీ నీ మొహం మీదే చెప్పనివ్వు. పరస్పర అంగీకారంతో విడిపోయే దారి 1976 నుంచీ హిందూ వివాహ చట్టంలో ఉంది. దానికి ఎవరి మెయిలూ అక్కర్లేదు. అంతదాకా రాదనే నా మనసు చెబుతోంది, ఆ పిల్ల నిన్ను ఇంకా తిన్నావా అని అడుగుతోంది కాబట్టి.

శుక్రవారం రాత్రి బస్సెక్కు. ఎక్కేముందు తనకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. చెప్పాపెట్టకుండా తలుపు కొట్టావంటే, తనిఖీకి వచ్చావనుకుంటుంది. మాట్లాడుకున్నాక, ఎంత రాత్రైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. మాగాయ సీసా పార్సిల్లో పెట్టిస్తున్నాను, అది తనకి ఇవ్వు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ