పక్క రాష్ట్రానికి పోయిన కోచ్

డబ్లిన్, ఒహాయో
జనవరి 2026

చి. నానీకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో జిమ్ నోల్స్ మాటొచ్చినప్పుడు "తగిన శాస్తే జరిగింది" అన్నావు. స్పీకర్లో వింటున్న మీ పెద్దనాన్న పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫోన్లో వాదనకు దిగితే నీ గొంతు ముందు నేను ఆగలేను, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ కోపం నాకు తెలీనిది కాదు. నిరుడు జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి మన ఒహాయో స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. పదేళ్ళ తర్వాత వచ్చిన టైటిల్. గుడి పార్కింగ్‌లో కూడా ఒకరు "ఓ-హెచ్" అంటే ఇంకొకరు "ఐ-ఓ" అని అరుచుకున్న రోజులవి. వారం గడిచిందో లేదో, మన డిఫెన్స్ చూసే కోఆర్డినేటర్ నోల్స్ పెన్ స్టేట్‌కి వెళ్ళిపోతున్నాడని వార్త. హెడ్ కోచ్‌గా కూడా కాదు. అదే పని, మనం ఆడే బిగ్ టెన్ లీగే, పైగా మనతో తలపడే జట్టు. ఆ వెనకే అఫెన్స్ చూసే చిప్ కెల్లీ ప్రొఫెషనల్ జట్టు లాస్ వెగాస్ రైడర్స్‌లో చేరితే ఎవరూ పెద్దగా నొచ్చుకోలేదు, గమనించావా? పై మెట్టుకి వెళ్ళేవాడికి అభిమానులు అక్షింతలు వేసి పంపుతారు. పక్కింటికి వెళ్ళేవాణ్ణే తిడతారు. మన ఇంట్లో ఏం తక్కువైందని అడగాలనిపిస్తుంది మరి. ఆ ఉక్రోషం నాకూ కలిగింది.

నోల్స్ సొంత రాష్ట్రం పెన్సిల్వేనియా, పుట్టిపెరిగింది ఫిలడెల్ఫియాలో. జీతం ఏడాదికి సుమారు 31 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. అరవైకి చేరువైన మనిషికి ఈ రెండూ చాలవా? ఇంకేదో కుట్ర ఉండి తీరాలని నువ్వెందుకు పట్టుబడతావో నాకు అర్థం కాదు.

సరే, ఆయన వెళ్ళిపోవడానికి మూడు నెలల ముందు సంగతి గుర్తుచేస్తాను. 2024 అక్టోబరు 12, యూజీన్‌లో ఆరెగాన్ చేతిలో 32-31తో ఓడాం. ఆ రాత్రి మా సోఫాలో కూర్చుని "ఈయన్ని తీసేస్తే గానీ బాగుపడం" అన్నది ఎవరు బాబూ? నువ్వే కాదులే, కొలంబస్‌లో సగం మంది అదే మాట. తర్వాతి శనివారం మనకి మ్యాచ్ లేదు. ఆ విరామం దాటాక డిఫెన్స్ తీరే మారిపోయింది. జనవరి 1న రోజ్ బౌల్‌లో అదే ఆరెగాన్ మళ్ళీ ఎదురైతే మనవాళ్ళు 34-0కి వెళ్ళాకే వాళ్ళు ఖాతా తెరిచారు. ఆ మ్యాచ్ మొత్తమ్మీద ఆరెగాన్ పరుగు ఆట లెక్క మైనస్ 23 గజాలు. క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టిన నష్టాలు కూడా అందులో కలుస్తాయనుకో, అయినా మైనస్సే! అక్టోబరులో మనం పొమ్మన్నవాడు జనవరిలో పోతే ద్రోహి ఎలా అయ్యాడ్రా?

నాకు మాత్రం నోల్స్ అంటే గుర్తొచ్చేది టెక్సస్‌తో సెమీఫైనల్. మనం 21-14 ఆధిక్యంలో ఉన్నాం. బంతి మన గోల్ లైనుకి ఒక్క గజం దూరంలో, వాళ్ళ చేతిలో నాలుగు అవకాశాలు. మొదటిసారి నేరుగా తోసుకొస్తే అడుగు కదల్లేదు. రెండోసారి బంతిని పక్కకి విసిరి పరుగెత్తించారు, మనవాళ్ళు గుంపుగా మీదపడి ఏడు గజాలు వెనక్కి నెట్టారు. మూడోది పాస్, అందలేదు. నాలుగోసారి మన జాక్ సాయర్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, తానే పట్టుకుని 83 గజాలు పరుగెత్తాడు. మీ పెద్దనాన్న చేతిలో కాఫీ కప్పు ఏమైందో నువ్వు చూశావు. ఆ యూవర్స్ 2021లో మన కాలేజీలోనే చదివాడు, సాయర్ రూమ్మేట్. తర్వాత టెక్సస్‌కి మారిపోయాడు. మారిపోయిన వాళ్ళ కథలు మన జట్టు నిండా ఉన్నాయి.

నోల్స్ మనకెలా వచ్చాడో కూడా మర్చిపోయావు. 2021 డిసెంబరులో ఆయన ఓక్లహామా స్టేట్‌లో పనిచేస్తున్నాడు. అక్కడి డిఫెన్స్‌ని దేశంలో మేటి జట్ల వరసన నిలబెట్టాడు. ఫియెస్టా బౌల్ మ్యాచ్ ముందుండగానే మనవాళ్ళు మాట్లాడి ఖాయం చేసుకున్నారు. కొత్త సంవత్సరం రోజున ఆ జట్టు ఆయన లేకుండానే ఆడి, 28-7 వెనకబడి కూడా నోటర్‌డామ్‌ని 37-35తో గెలిచింది. ఆ వారంలో వాళ్ళ ఊరు స్టిల్‌వాటర్‌లో నీ వయసు కుర్రాడెవడో వాళ్ళ పెద్దమ్మకి ఫోన్ చేసి మన కాలేజీని తిట్టే ఉంటాడు. మనం ఇక్కడ స్వీట్లు పంచుకున్నాం.

ఇక "తగిన శాస్తే" అని నువ్వు సంబరపడ్డ విషయానికొస్తాను. నిరుటి సీజన్ మొదట్లో అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్స్‌లో రెండో స్థానంలో ఉన్న పెన్ స్టేట్, అక్టోబరులో అప్పటిదాకా ఒక్కటీ గెలవని యూసీఎల్ఏకి 42 పాయింట్లిచ్చి ఓడింది. మరుసటి వారం నార్త్‌వెస్టర్న్ చేతిలోనూ ఓడాక హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేశారు. నవంబరు 1న మనం 38-14తో కొట్టాం. ఇటు నోల్స్ కుర్చీలోకి మ్యాట్ ప్యాట్రీషియా వచ్చినప్పుడు, డెట్రాయిట్ లయన్స్ హెడ్ కోచ్‌గా ఆయన గెలుపోటముల లెక్క, 13 గెలుపులు, 29 ఓటములు, ఒక టై, చూపించి ఎకసెక్కాలాడినవాళ్ళే, దేశంలో అందరికంటే తక్కువ పాయింట్లిచ్చిన డిఫెన్స్ అదేనని తేలాక చప్పట్లు కొట్టారు. నోల్స్ పోవడం వల్ల మనకి జరిగిన నష్టం చూపించమంటే చూపించలేవు. మరి నీ కోపం ఇంకా దేనికోసం?

నా బాధ వేరే ఉంది. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగంలో సగం పిల్లల్ని తెచ్చే పని. పదిహేడేళ్ళవాడి ఇంటికి వెళ్ళి, హాల్లో కూర్చుని, వాళ్ళమ్మకి "నేను చూసుకుంటానమ్మా" అని మాటిస్తాడు. పిల్లాడు కాలేజీ పేరు చూసి ఎంత వస్తాడో ఆ మనిషిని చూసీ అంతే వస్తాడు. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి ఉండడు. 2021 దాకా కోచ్ రాత్రికి రాత్రి వెళ్ళిపోవచ్చు గానీ, అతణ్ణి నమ్మి వచ్చిన ఆటగాడు ఇంకో పెద్ద కాలేజీకి మారితే మామూలుగా ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ఆ అన్యాయం మీద ఈ ఊళ్ళో అభిమానులు గొంతెత్తగా నేను పెద్దగా వినలేదు. ఇప్పుడు నిబంధన సడలింది, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చు. నిరుటి నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది హద్దు ఒక్కో కాలేజీకి రెండు కోట్ల డాలర్ల పైమాట. అలా పిల్లలకీ కాళ్ళొచ్చేసరికి అందరూ కలిసి "విశ్వాసం లేని కాలం" అని నిట్టూరుస్తున్నారు. చిరాకేస్తుంది నాకు.

మొన్న డిసెంబరులో బ్రయన్ హార్ట్‌లైన్ సౌత్ ఫ్లోరిడాకి హెడ్ కోచ్‌గా ఖాయమయ్యాడు. కాంటన్ కుర్రాడు, మన జట్టులోనే ఆడి, మన రిసీవర్లని తీర్చిదిద్దినవాడు. "మనోడు, గొప్పవాడవుతాడు" అన్నావు. ఆయన్ని నమ్ముకుని నిరుడు చేరిన పిల్లల సంగతి నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. ఈసారి ఆదివారం వస్తే వాళ్ళలో ఎవరు ఉంటున్నారో, ఎవరు పోతున్నారో కూర్చుని చూద్దాం. ఆ జాబితా నువ్వే పట్టుకురా, నాకు ఆ వెబ్‌సైట్లు తెరవడం విసుగు.

నోల్స్ ఇప్పుడు టెనెస్సీలో చేరాడు. వాళ్ళ మ్యాచ్‌లు నేను చూస్తాను. నచ్చకపోతే నువ్వు వంటింట్లో కూర్చో.

మీ పెద్దనాన్న ఆశీస్సులు కూడా.

పెద్దమ్మ