హేవలాక్ వంతెన

ఉద్దేశం : కాలం తీరిన కట్టడాలను ప్రజలకు ఉపయోగపడేటట్లు కాపాడుకోవలసిన ఆవశ్యకతను తెలియజేయడం.

గోదావరికి ఒక ఒడ్డున రాజమహేంద్రవరం, మరొక ఒడ్డున కొవ్వూరు ఉన్నాయి. రైలు వంతెన లేని రోజులలో ఈ మార్గాన వెళ్లే ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, నదిని పడవపై దాటి, ఆవలి ఒడ్డున మరల రైలెక్కవలసి వచ్చేది.

ఈ ఇబ్బందిని తొలగించడానికి 1897లో వంతెన నిర్మాణం ప్రారంభమైంది. కాశీ వద్ద గంగానదిపై వంతెన నిర్మాణంలో పనిచేసిన ఎఫ్.టి.జి. వాల్టన్ ఈ పనికి సారథ్యం వహించాడు. 56 ఖానాలతో, రెండున్నర కిలోమీటర్లకు మించిన పొడవుతో రూపొందిన ఈ వంతెనపై 1900లో రైళ్లు నడవసాగాయి. నాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దీనికి పెట్టారు. 1974లో రోడ్డు-రైలు వంతెన, ఆ తరువాత ఆర్చి వంతెన నిర్మితమయ్యాయి. 1997లో పాత వంతెనపై రాకపోకలు నిలిచిపోయాయి.

పని ముగిసిన వంతెనకు విలువ ఏమిటి? దాని ఇనుముకు ధర కట్టడం సులభమే. కాని దానిపై నిలిచి నదిని చూసే అవకాశానికి ధర కట్టలేము. ఒకసారి విప్పివేసిన వంతెనను తిరిగి నిలబెట్టడం సాధ్యం కాదు.

న్యూయార్క్ నగరంలోనూ ఇట్టి ప్రశ్నే తలెత్తింది. వీధులకు ఎత్తుగా నిర్మించిన ఒక రైలుమార్గంపై 1934 నుండి సరకుల బండ్లు నడిచాయి. 1980లో అవి ఆగిపోగా, పట్టాల నడుమ గడ్డి, అడవిపూలు మొలిచాయి. దానిని కూల్చాలని కొందరు పట్టుబట్టారు. 1999లో ఇద్దరు స్థానికులు దాని రక్షణకై ఒక సంఘాన్ని స్థాపించారు. 2009లో అందులో మొదటి భాగం ‘హై లైన్’ అనే ఉద్యానవనంగా ప్రజలకు అందింది. అయితే ఆ పరిసరాలలో ఇళ్ల ధరలు పెరిగి, సామాన్యులకు అక్కడ నివాసం భారమైంది. కట్టడాన్ని కాపాడటంతోపాటు దాని చుట్టూ జీవించే వారినీ కాపాడాలన్నది ఈ అనుభవం నేర్పే పాఠం.

2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన ‘అఖండ గోదావరి’ పథకంలో హేవలాక్ వంతెన అభివృద్ధికి చోటు లభించింది. ఒకనాడు రెండు ఒడ్డులను కలిపిన వంతెన, ఇకపై మనుషులను నదితో కలపాలి. జాలరి, విద్యార్థి, యాత్రికుడు అనే భేదం లేకుండా అందరూ దానిపై నడవగలిగిన నాడే ఆ రక్షణ సార్థకమవుతుంది.

అర్థాలు
ఖానా = వంతెనలో రెండు స్తంభాల నడుమ భాగం
సారథ్యం = నాయకత్వం
సార్థకం = ప్రయోజనం కలది

అభ్యాసం
1. వంతెన లేని రోజులలో ప్రయాణికులు పడిన ఇబ్బంది ఏమిటి?
2. ‘హై లైన్’ అనుభవం నేర్పే పాఠాన్ని వివరించండి.
3. మీ ఊరిలో వాడుక తప్పిన కట్టడాన్ని ఎట్లా ఉపయోగించుకోవచ్చునో వ్రాయండి.